డుడ్డా కూర్చున్న చోటు వరకు

రీడ్‌ఫర్డ్ మఠం
ఈస్టర్ తర్వాత రెండో మంగళవారం

తమ్ముడు కెనెల్మ్‌కు,

ఇక్కడ అందరం క్షేమం. పోయిన వారం మూడు రోజులు మా మఠం డేన్ల రాజ్యంలో ఉంది. ఇప్పుడు మళ్లీ మన రాజుగారి రాజ్యంలోకి వచ్చింది. ఎలాగని అడుగుతావు కనక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా డుడ్డా నీకు గుర్తుండే ఉంటాడు. మఠం పొలాలకు ఉత్తరపు కొసన ఓక్ మొద్దు మీద కూర్చునే ముసలాయన. డెబ్బై దాటాయి. మోకాళ్లు పట్టేశాక నాగలి వదిలి ఆ మొద్దెక్కాడు. అది పదిహేనేళ్ల కిందటి మాట. రెండు పూటలా తిండి భార్య టెట్టా అక్కడికే తీసుకెళ్తుంది. ఇంటికొచ్చేది పడుకోవడానికే. పోయిన వారం జలుబు చేసి మొద్దు దగ్గరికి వెళ్లలేదు. మిల్లుకు దక్షిణాన ఉన్న తన ఇంట్లోనే పొయ్యి ముందు కూర్చున్నాడు.

మూడో రోజు ఓర్మ్ వచ్చాడు. ఉత్తరాన, సముద్రం దాటొచ్చి స్థిరపడ్డ డేన్ల కోటకు అతనే పెద్ద. గొడ్డలి గుమ్మం బయట పెట్టి లోపలికొచ్చాడు.

"అమ్మా, మీ ముసలాయన మొద్దు మీద లేడేం?"

"జలుబు. ఇంట్లో కూర్చున్నాడు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇది మూడో రోజు."

"అయితే అమ్మా, మూడు రోజుల నుంచి మీరు మావాళ్లు. మంచిది," అని ఒక బుట్టెడు ఎండు మలుగు చేపలు నా ముందు పెట్టాడు. తర్వాత చంకలోంచి తోలుపత్రం తీశాడు. శీతాకాలంలో రాజుగారూ డేన్లూ చేసుకున్న సంధి ప్రతి. మా పాదిరి చేత చదివించాను. "సరిహద్దు రీడ్ వాగు వెంట ఎగువకు, బూడిదరంగు ఆపిల్ చెట్టు వరకు, అక్కణ్ణించి డుడ్డా కూర్చున్న చోటు వరకు, అక్కణ్ణించి తిన్నగా సముద్రం దాకా. దానికి దక్షిణం రాజుగారిది, ఉత్తరం డేన్లది" అని ఉంది.

మర్నాడు డుడ్డా మళ్లీ మొద్దెక్కాడు, మేమూ రాజుగారి వైపు వచ్చేశాం. నవ్వు వచ్చేదే, ఆ పన్నెండు మంది సంగతి లేకపోతే. మా పొలానికి పన్నెండు మందిని కోటగోడ కాపలాకు పంపడం రివాజు కదా. రాజుగారి కోట అధికారి బెర్న్‌విన్ వాళ్లను దుక్కుల కాలంలోనే పట్టుకుపోయాడు. మఠం మూడు రోజులు తమ వైపు ఉంది కనక తమ గోడ మీద కూడా ఆ పన్నెండు మందే నిలబడాలని ఓర్మ్ అంటున్నాడు. రెండు కోటలకూ యుద్ధం వస్తే మావాళ్లు ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ పరిగెత్తి తమ మీద తామే రాళ్లు వేసుకోవాలి. ఈలోపు పంట ఎవరు కోస్తారు?

నువ్వు రాజుగారి పత్రాలు రాసే లేఖన మందిరంలోనే పనిచేస్తున్నావు. ఈ వాక్యం రాసిన మహానుభావుడెవరో కనుక్కుని దిద్దించు. నా వాళ్లు నా ఊళ్లో ఉండాలి. నాకు కావలసింది అంతే.

అక్క
విల్‌బర్గ్


వించెస్టర్, రాజుగారి లేఖన మందిరం
పెంతెకోస్తు ముందటి శనివారం

రీడ్‌ఫర్డ్ మఠాధిపతి విల్‌బర్గ్ గారికి,

మీ లేఖ అందింది. పరిశీలించాము.

సదరు పత్రం అసలైనదే. సరిహద్దు పెద్దలు నోటితో చెప్పిన మాటను అక్షరం మార్చకుండా రాయడం మన ఆనవాయితీ అని మీకు తెలియనిది కాదు. ఆ పత్రం మీద రాజుగారు, నలుగురు బిషప్పులు శిలువ గుర్తులు పెట్టారు. డేన్లు తమ వెండి కడియం మీద ప్రమాణం చేశారు. ఇందులో ఒక్క మాట మార్చినవాడు నరకంలో జూడాస్ పక్కన కాలుతాడని చివర ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం ప్రతి పత్రంలోనూ ఉంటుంది. అందువల్ల దిద్దడానికి ఇక్కడ ఎవరూ ముందుకు రావడం లేదు.

కాబట్టి సదరు డుడ్డాను సదరు మొద్దు మీద కూర్చోబెట్టి ఉంచవలసిందిగా బిషప్ గారి సలహా. వాన నుంచి రక్షణకు చిన్న పందిరి వేయవచ్చును.

రాసిన గుమస్తా ఎవరన్నది దస్త్రాలలో లేదు.

కెనెల్మ్


రీడ్‌ఫర్డ్ మఠం
సెయింట్ జాన్ పండుగ మర్నాడు

శ్రీ కెనెల్మ్ గారికి,

తమరి ఆజ్ఞ ప్రకారం పందిరి వేశాము. బెర్న్‌విన్ ఇద్దరు ఈటెగాళ్లను మొద్దుకు అటూ ఇటూ నిలబెట్టాడు. డుడ్డా లేవబోతే వాళ్లు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాలి. మొదటి రోజే ఆయన ఒంటికి వెళ్లాలన్నాడు. ఈటెగాళ్లకు దాని మీద ఉత్తర్వు లేదు. ఒకడు కోటకు పరిగెత్తి అడిగి వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఓర్మ్ కూడా ఊరుకోలేదు. మిల్లుకు దక్షిణాన ఇంకో మొద్దు తెచ్చి వేయించి, దాని మీద గొర్రెతోలు పరిచి, పక్కన బీరు కూజా పెట్టాడు. "తాతా, ఇక్కడ మెత్తగా ఉంటుంది, రా" అని పిలుస్తాడు. ఈటెగాళ్లు బీరు తాగుతున్న సమయం చూసి డుడ్డా వెళ్లి అక్కడ కూర్చున్నాడు. మిల్లు పోయింది. బెర్న్‌విన్ వెన్న రాసిన రొట్టె చూపించి వెనక్కి రప్పించాడు. మిల్లు వచ్చింది. పోయిన ఆదివారం డుడ్డా తన కూతుర్ని చూడడానికి దక్షిణపు పల్లెకు వెళ్లి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాడు. ఆ పూట మూడు ఊళ్లు డేన్లవయ్యాయి. ఆ ఊళ్లవాళ్లకు ఎవరూ చెప్పలేదు. గడ్డి కోసుకుంటున్నారు.

టెట్టా నా దగ్గరికొచ్చి అరిచింది. "పదిహేనేళ్లు ఆ మొద్దు మీంచి లేవయ్యా, కాస్త కట్టెలు కొట్టయ్యా అని నేను మొత్తుకుంటే ఒక్కడూ రాలేదు. ఇప్పుడు కూర్చోమని ఇద్దరు, లేవమని ఇద్దరు. ఈయన మొగుడా, ఊరి గేటా?"

ఇక అసలు సంగతి. ఓర్మ్ దగ్గరి పత్రాన్ని ఈసారి నేనే చేతిలోకి తీసుకుని చూశాను. అక్షరాల తోకలు ఎలుక తోకల్లా మెలి తిరిగి ఉన్నాయి. నీకు మైనపు పలక మీద అక్షరాలు దిద్దించింది నేను. ఆ తోకల కోసం నీ చెవి మెలేసింది కూడా నేనే. దస్త్రాలలో లేకపోతే మానె, నాకు తెలుసు.

గడ్డికోతలు అయిపోవచ్చాయి. పన్నెండు మంది ఇంకా గోడ మీదే ఉన్నారు. ఇంకో పదిహేను రోజుల్లో వాళ్లు కావాలి.

విల్‌బర్గ్


వించెస్టర్
జూలై నెల, వాన రోజు

అక్కా,

నేనే.

మొన్న రాసిన ఉత్తరం బిషప్ గారి చేతి మీదుగా వెళ్తుంది కనక అలా రాశాను. ఇది ఉన్ని వర్తకుడి చేత పంపుతున్నాను.

జరిగింది చెప్తాను. సరిహద్దు వెంట నడిచి, రాయీ చెట్టూ చూసుకుంటూ రాయాలి. ఆ జనవరిలో మోకాలి దాకా బురద. ఆపిల్ చెట్టు దాకా నడిచాను. అక్కడ ఆగి, మీ ఊరి బీరు ఇంట్లో కూర్చుని నలుగురు పెద్దల్ని పిలిపించాను. ఆపిల్ చెట్టు తర్వాత ఏమిటని అడిగాను. ఒకాయన "డుడ్డా కూర్చున్న చోటు" అన్నాడు. మిగతా ముగ్గురూ తలూపారు. ఆయన కదిలితే, అని అడిగాను అక్కా. ఒట్టు, అడిగాను. "డుడ్డానా? కదలడమా?" అని నలుగురూ నవ్వారు. ఓక్ మొద్దునైనా వరద పట్టుకుపోతుందేమో కానీ ఆయన్ను పట్టుకుపోదన్నారు. పెద్దలు చెప్పింది రాశాను.

నీ ఉత్తరాన్ని బిషప్ గారికి చూపించక తప్పలేదు. ముందు ఆయన నవ్వారు. తర్వాత నవ్వడం ఆపారు. "ఆ ముసలాయన దక్షిణానికి వెళ్తే మనం మూడు ఊళ్లు పోగొట్టుకున్నాం. ఉత్తరానికి వెళ్తే?" అన్నారు. నా వైపు తిరిగారు. "ఆయన బండెక్కగలడా?" అన్నారు.

సంగతి ఇదీ. డుడ్డాను బండి మీద కొంచెం ఉత్తరానికి తీసుకెళ్తారు. మీ మఠం సరిహద్దుకు ఎంతో లోపలికి వచ్చేస్తుంది. ఇక ఓర్మ్ అడిగేదేమీ ఉండదు. కాపలా గోడ కూడా ముందుకు జరుగుతుంది కనక మీ పన్నెండు మందిని వెంటనే ఇంటికి పంపిస్తామని బిషప్ గారి మాట. బండి వెంట నన్నే వెళ్లమన్నారు. నువ్వు ఒప్పుకుంటేనే. డుడ్డా మఠం మనిషి కదా.

కెనెల్మ్


రీడ్‌ఫర్డ్ మఠం
కొత్త రొట్టెల పండుగ

కెనెల్మ్,

డుడ్డాను అడిగాను. "దారిలో జున్ను పెడతారా?" అన్నాడు. పెడతారన్నాను. "బండిలో కూర్చోవాలా, నడవాలా?" అన్నాడు. కూర్చోవడమే అన్నాను. ఇంకేమీ అడగలేదు.

టెట్టాను అడిగాను. "పట్టుకెళ్లండి. నాకూ కాస్త గాలాడుతుంది" అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "తీసుకెళ్లేటప్పుడు అందరూ అడుగుతారు. తిరిగి తెచ్చేదెప్పుడో ఒక్కరూ చెప్పరేం?" అంది. నవంబరులో మార్టిన్ పండుగకు అన్నాను. ఆ రోజు పందిని కోస్తాం, ఆయనకు కాలేయం ఇష్టం. టెట్టా నా చేత, మా పాదిరి చేత, బెర్న్‌విన్ చేత వరసగా ఆ మాట అనిపించుకుంది. బండి కదిలే ముందు నీ చేత కూడా అనిపించుకుంది. మన వాళ్లలో నలుగురు సాక్షుల ముందు అన్న మాటకు తోలుపత్రం అక్కర్లేదు.

పన్నెండు మంది నిన్న వచ్చారు. ఇవాళ పొద్దున్నే కొడవళ్లు పట్టారు. ఓర్మ్ మీ బండి వెంట వస్తున్నాడని విన్నాను. సరిహద్దు ఎక్కడికెళ్తే అక్కడికి తానూ వెళ్లాలని, లేకపోతే ప్రమాణం తప్పినట్టని అన్నాడట. నాకతను నచ్చాడు.

మెత్తటి రొట్టె పెట్టండి. ఆయనకు పళ్లు నాలుగే.

అక్క


ఉత్తరపు దారిలో, బండి మీద
సెప్టెంబరు, మైకెల్ పండుగకు నాలుగు రోజుల ముందు

అక్కా,

ఇప్పటికి ఐదు డేన్ల కోటలు మనవయ్యాయి. ఒక్క బాణం కూడా పడలేదు. పద్ధతి చెప్తాను.

బండిని ఊరికి ఉత్తరపు వైపున ఆపుతాం. ముక్కాలిపీట వేస్తాం. డుడ్డా దిగి కూర్చుంటాడు. ఊళ్లో చట్టం తెలిసిన పన్నెండు మంది పెద్దలు వస్తారు. డేన్లకు చట్టమంటే పిచ్చి. పొలంలో పంది చచ్చినా ముందు కూర్చుని వాదించుకుంటారు, తర్వాతే తింటారు. నేను పత్రం చదువుతాను. ఓర్మ్ తన భాషలో మళ్లీ చెప్తాడు. నిన్నటి ఊళ్లో ఇలా జరిగింది.

"ఈయనేనా సరిహద్దు?"

"ఈయనే," అన్నాడు ఓర్మ్.

"ముట్టుకోవచ్చా?"

"ముట్టుకో. జరపకు."

ఒకతను మోకాలు ముట్టుకున్నాడు. డుడ్డా "కొంచెం పైన నొక్కు బాబూ" అన్నాడు. వాళ్లు పక్కకు వెళ్లి భోజనాల దాకా వాదించుకున్నారు. వెనక్కి వచ్చి, కడియం మీద చేసిన ప్రమాణం ప్రమాణమే, ఆయన కూర్చున్నారు, మేం దక్షిణాన ఉన్నాం, కనక రాజుగారి వాళ్లం అన్నారు. మా బండి వెనక బెర్న్‌విన్ మూడు వందల ఈటెలతో నిలబడి ఉన్నాడు. అది కూడా వాళ్లు చూశారు. ఆ సంగతి నేను పత్రంలో రాయడం లేదు.

అదే ఊళ్లో ఒక రైతు నా చొక్కా పట్టుకున్నాడు. మన మనిషే. నలభై ఏళ్లుగా డేన్ల కింద ఉంటున్నాడు, డేన్ల ఆడపడుచును చేసుకున్నాడు.

"అయ్యా, ఇంతకీ మేమిప్పుడు ఎవరం?"

"ఇంగ్లీషువాళ్లు," అన్నాను. ఆ మాటే అన్ని చోట్లా వాడమని బిషప్ గారి ఉత్తర్వు.

"అంటే?"

"రాజుగారి వెసెక్స్ వాళ్లు, పక్కనున్న మెర్షియా వాళ్లు, మీరు, అందరూ కలిపి."

"వెసెక్స్ వాళ్లతో కలిపా?" అని మొహం చిట్లించాడు. డుడ్డా వైపు తిరిగి, "తాతా, నువ్వూ అంతేనా?" అన్నాడు.

"ఈ నెల నుంచి," అన్నాడు డుడ్డా.

"మరి మా అన్నదమ్ములు?" అంది వెనక నుంచి రైతు భార్య.

"వాళ్లూ," అన్నాను.

"వాళ్లకు ఇప్పుడే చెప్పకండి. గోధుమలు దించుతున్నారు."

డుడ్డా ఆరోగ్యంగా ఉన్నాడు. జున్నులో ఉప్పెక్కువని అన్నాడు. పత్రాల్లో ఇక మీదట రాజుగారిని "ఇంగ్లీషువాళ్లందరి రాజు" అని రాయాలట. రాసి చూశాను. వరసలో సరిగ్గా పట్టింది.

కెనెల్మ్


రీడ్‌ఫర్డ్ మఠం
నవంబరు 20

కెనెల్మ్,

మార్టిన్ పండుగ వెళ్లి తొమ్మిది రోజులైంది. పందిని కోశాం. కాలేయాన్ని టెట్టా ఉప్పులో పెట్టింది.

ఆయనేడీ?

విల్‌బర్గ్


హంబర్ నది ఒడ్డు
డిసెంబరు, ఆడ్వెంట్ రెండో వారం

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చేరింది. దేవుడి దయవల్ల ఇక్కడ పనులు అనుకున్నదానికంటే ఎంతో బాగా సాగాయి. ఇప్పుడు మనం హంబర్ నది దాకా వచ్చాం. మీ ఊరి నుంచి ఇది పదకొండు రోజుల నడక. ఇంత నేల ఏలిన రాజు మన తాతల కాలంలో లేడు. నది అవతల ఉన్న రాజుల దగ్గర్నుంచి రాయబారులొచ్చారు. కానుకలు డుడ్డా ముందు పెట్టి, ఆయన్ను పడవ ఎక్కించవద్దని వేడుకున్నారు.

ఇందులో చిన్న చిక్కు ఉంది. డుడ్డా ఇంటికి వస్తే సరిహద్దు కూడా ఇంటికి వస్తుంది. ఐదు కోటలు, వాటి ఊళ్లు, పొలాలు అన్నీ తిరిగి డేన్లవవుతాయి. వాళ్లు ఇప్పటికే రాజుగారికి ప్రమాణం చేసేశారు. మళ్లీ వెనక్కి చెయ్యమంటే చిరాకు పడతారు. కాబట్టి ఆయన కొంతకాలం ఇక్కడే ఉండడం దేశానికి మంచిదని బిషప్ గారు భావిస్తున్నారు. ఆయన కోసం నది ఒడ్డున చెక్క ఇల్లు కట్టించారు. చేతుల కుర్చీ చేయించారు. ఎనిమిది మంది కాపలా. రోజూ చేప.

ఆయన సంతోషంగానే ఉన్నాడు. టెట్టాకు చెప్పు.

కెనెల్మ్


రీడ్‌ఫర్డ్ మఠం
క్రిస్మస్ మూడో రోజు

కెనెల్మ్,

ఆయన సంతోషంగా లేడు. బెర్న్‌విన్ పండుగకు ఇంటికొచ్చాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. డుడ్డా తిండి సరిగ్గా తినడట. కుర్చీలో కూర్చుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి "ఇంటికెప్పుడు?" అని అడుగుతాడట. కాపలావాళ్లు "రేపు" అంటారట. ఓర్మ్ మాత్రం "తెలియదు తాతా" అంటాడట. అందుకని డుడ్డా ఇప్పుడు ఓర్మ్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడడట. ఈ సంగతులు నీ ఉత్తరంలో లేవు.

నీ ఉత్తరంలో లేనిది ఇంకొకటి కూడా బెర్న్‌విన్ చెప్పాడు. ముసలాయన్ను ఆ కుర్చీలోనే శీతాకాలం దాటించగలిగితే నిన్ను ఒక మఠానికి అధిపతిని చేస్తామన్నారట. ఎనభై మంది సన్యాసులున్న మఠమట. నేను ఇరవై రెండేళ్లుగా పద్నాలుగు మందితో నెట్టుకొస్తున్నాను. సంతోషమే. కానీ మఠానికి అధిపతి కావాలనుకునేవాడు టెట్టా కళ్లలోకి చూసి మార్టిన్ పండుగకు అని అన్నాడు. ఆమె రోజూ నా గుమ్మంలోకి వస్తోంది. ఇప్పుడు అరవడం లేదు. "వచ్చాడా అమ్మా?" అంటుంది. లేదంటే వెళ్లిపోతుంది. అరిచేటప్పుడే నయంగా ఉండేది.

పత్రం ప్రతిని తెప్పించి మూడు రోజులు చదివాను. నువ్వు రాసింది "కూర్చున్న చోటు" అని. నిలబడిన చోటని ఎక్కడా లేదు. పడుకున్న చోటనీ లేదు. ఒక్క మాట మార్చినవాడు జూడాస్ పక్కన కాలుతాడన్నావు. నేను మార్చమనడం లేదు. ఉన్నది ఉన్నట్టు పాటించమంటున్నాను. ఆయన్ను బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి తీసుకురా. హంబర్ దగ్గర లేచాక మళ్లీ ఎక్కడా కూర్చోకపోతే, చివరగా కూర్చున్న చోటు అదే. సరిహద్దు అక్కడే ఉంటుంది. మనిషి ఇక్కడ ఉంటాడు.

ఇది మీ బిషప్ గారికి నచ్చకపోతే ఇంకో దారి ఉందని చెప్పు. నేనే టెట్టాను వెంటబెట్టుకుని అక్కడికి వస్తాను. వచ్చి ఆయన్ను కూర్చోబెట్టే తెస్తాను. దారిలో ప్రతి ఊళ్లో పీట వేసి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మళ్లీ ఎక్కిస్తాను. హంబర్ నుంచి రీడ్‌ఫర్డ్ దాకా మీ ఇంగ్లీషువాళ్లందరి రాజ్యాన్ని పీట పీటకూ తిరిగి ఇచ్చేస్తూ వస్తాను. మఠాధిపతి మీద ఈటె ఎత్తేవాడెవడో చూస్తాను.

ఓర్మ్‌కు నా నమస్కారాలు చెప్పు.

విల్‌బర్గ్


హంబర్ నది ఒడ్డు
జనవరి చివర

అక్కా,

నీ ఉత్తరాన్ని బిషప్ గారికి మొత్తం చదివి వినిపించాను. పీటల దగ్గరికి వచ్చేసరికి ఆయన మంచినీళ్లు అడిగారు.

పన్నెండు మంది మనవాళ్లు, పన్నెండు మంది డేన్లు కూర్చుని రెండు రోజులు వాదించారు. పడుకోవడం కూర్చోవడం కిందికి వస్తుందా అన్నది ప్రశ్న. మనవాళ్లలో ఒకాయన, పడుకునే ముందు ప్రతి మనిషీ ఒక క్షణం కూర్చుంటాడని లేవనెత్తాడు. అందరూ దిగులుపడ్డారు. ఓర్మ్ లేచి గదిలోంచి ఒక బల్ల తెప్పించాడు. డుడ్డాను నిలబెట్టి, బల్లను వీపుకు ఆనించి, ఇద్దరి చేత వెనక్కి వాల్పించాడు. మనిషి నిలబడినవాడు నిలబడ్డట్టే పడుకున్నాడు. నడుము ఎక్కడా వంగలేదు. ఇరవై నలుగురూ చప్పట్లు కొట్టారు. డుడ్డా "ఇప్పుడు ఇంటికేనా?" అన్నాడు. ఓర్మ్ మొదటిసారి "అవును తాతా" అన్నాడు.

నీకూ టెట్టాకూ నేను చేసిన దానికి మాటలు వెతకను. ఆ ఎనభై మంది మఠం వేరొకరికి ఇస్తున్నారు. ముసలాయన్ను కదిలించమని అడిగినవాడికి ఇవ్వరు కదా. మొన్న పొద్దున ఆయన కుర్చీ ముందు మోకరించి క్షమించమన్నాను. "నువ్వేం చేశావు బాబూ, పెద్దలు చెప్పింది రాశావు. మా వాళ్లకు బుద్ధి లేదు" అన్నాడు.

కుర్చీని ఇక్కడే ఉంచి చుట్టూ కంచె వేస్తున్నారు. ఎవరూ కూర్చోకుండా కాపలా పెట్టారు. రేపు బయలుదేరుతున్నాం. నేను బండి పక్కన నడిచి వస్తున్నాను, ఆయన లేవబోతే చెయ్యి అడ్డం పెట్టడానికి.

కెనెల్మ్


రీడ్‌ఫర్డ్ మఠం
ఈస్టర్ మర్నాడు

తమ్ముడూ,

నువ్వు వెళ్లి ఆరు వారాలైంది. వించెస్టర్‌లో నిన్ను మళ్లీ కింది బల్ల దగ్గర కూర్చోబెట్టారని విన్నాను. అక్కడ వెలుతురు బాగుంటుంది. తోకలు జాగ్రత్త.

ఇక్కడి సంగతులు. డుడ్డా ఊళ్లోకి వచ్చినప్పుడు టెట్టా ఏమందో నువ్వు విన్నావు. "ఇన్నాళ్లు కూర్చుని ఇప్పుడు పడుకుని వచ్చావా" అంది. ఆ పన్నెండు మందిలో ఇద్దరు నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకున్నారు.

మొద్దును బెర్న్‌విన్ నరికించాడు. వడ్రంగి ఛాతీ ఎత్తున బల్ల చేసిచ్చాడు. డుడ్డా దాని మీద మోచేతులు ఆనించి నిలబడి తింటాడు. పగలల్లా ఊళ్లో నిలబడి తిరుగుతాడు. మోకాళ్లు నొప్పి పుడితే గడ్డివాము మీద నిలువునా వాలిపోతాడు. చర్చిలో ఎవరమూ కూర్చోము కనక అక్కడికి రోజూ వస్తున్నాడు. మా పాదిరి అది భక్తి అనుకుంటున్నాడు.

ఊళ్లో అందరూ ఆయన్ను కనిపెట్టుకుని ఉంటారు. ఆయన ఏ గోడ పక్కన కొంచెం వంగినా "తాతా, రాజ్యం!" అని అరుస్తారు. డేన్లు కూడా అరుస్తారు. ఓర్మ్ మిల్లు పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. తానిప్పుడు ఇంగ్లీషువాడినని, ఆ మాట పలకడం మాత్రం ఇంకా రావడం లేదని చెప్పాడు.

ఇక ఇది నీకొక్కడికే. చదివి పొయ్యిలో వెయ్యి. బిషప్ గారికి చదివి వినిపించకు.

నిన్న ఈస్టర్ రోజు మధ్యాహ్నం గుడ్లు పంచుతూ టెట్టా ఇంటికి వెళ్లాను. తలుపు వేసి ఉంది. కిటికీ చెక్కలు కూడా వేసి ఉన్నాయి. పట్టపగలు, ఎండ కాస్తోంది. లోపల నుంచి టెట్టా గొంతు వినిపించింది.

"కాసేపే. నేను వంద లెక్కపెట్టేదాకా."

"రాజుగారికి తెలిస్తే?"

"రాజుగారికి మోకాళ్ల నొప్పులున్నాయా? కానీ."

తర్వాత పాత ముక్కాలిపీట కిర్రుమన్న చప్పుడు. ఆ మనిషి నోటి నుంచి ఒక పెద్ద నిట్టూర్పు. హంబర్ నుంచి నా కాళ్ల కింది దాకా రాజ్యం వెనక్కి వచ్చేసింది. నేను గుడ్ల బుట్ట పట్టుకుని డేన్ల దేశంలో నిలబడి ఉన్నాను. చుట్టూ చూశాను. మిల్లు తిరుగుతోంది. ఓర్మ్ వాగు దగ్గర గుర్రాన్ని కడుగుతున్నాడు. పన్నెండు మందీ గడ్డిలో పడుకుని నిద్రపోతున్నారు.

టెట్టా లోపల నెమ్మదిగా లెక్కపెడుతోంది. కదలకుండా విన్నాను. వందయ్యాక ఆమె మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

గుడ్లు గుమ్మంలో పెట్టి, చప్పుడు చేయకుండా వచ్చేశాను.

అక్క
విల్‌బర్గ్